ఏస్ బండి ఆర్సీలో నా పేరు పడేదాకా

మాది తిరుపతిలో చిన్న సప్లయర్స్ షాపు. షామియానాలు, కుర్చీలు, గంగాళాలు, గ్యాస్ పొయ్యిలు అద్దెకిస్తాం. షాపు పెట్టి పదకొండేళ్లయినా సామాను చేరవేయడానికి మాత్రం ఎప్పుడూ బాడుగ బండే. ముహూర్తాల రోజుల్లో అది దొరకదు. 2025 శ్రావణంలో చంద్రగిరి దగ్గర ఒక పెళ్లికి సాయంత్రం నాలుగింటికి చేరాల్సిన సామాను రాత్రి తొమ్మిదిన్నరకి చేరింది. బండి అతను మధ్యలో ఇంకో లోడు ఒప్పుకుని వెళ్లిపోయాడు, ఫోన్ ఎత్తలేదు. పెళ్లికూతురి నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. ఆయనే కండువా నడుముకు చుట్టుకుని మా కుర్రాళ్లతో పాటు కుర్చీలు దించాడు. ఇంటికొచ్చాక నాకు నిద్ర పట్టలేదు. ఏమైనా సరే, సొంత బండి కొనాలని ఆ రాత్రే అనుకున్నాను.

కొత్త బండి మా స్తోమతకి కుదరదు. చేతిలో 80,000 ఉంది. మిగతాది లోన్ పెట్టి సెకండ్ హ్యాండ్‌లో టాటా ఏస్ తీసుకుందామని వెతుకుతుంటే, తెలిసిన బ్రోకర్ ఒకాయన దామలచెరువు పక్క పల్లెలో ఒక మామిడి రైతు బండి ఉందన్నాడు. 2017 మోడల్. సీజన్‌లో తోట నుంచి దామలచెరువు మండీకి కాయలు తోలడం, మిగతా కాలం ఎరువులు, గడ్డి. అంతకు మించి తిరగలేదు. కొడుకు బెంగళూరులో ఉద్యోగం. పెద్దాయనకి మోకాళ్ల నొప్పులు. నడిపేవాళ్లు లేక బండి చింతచెట్టు కింద నిలబడి ఉంది.

మా మెకానిక్‌ని వెంటబెట్టుకుని వెళ్లాను. ఇంజన్ స్టార్ట్ చేసి చూశాం, పొగ చూశాం, టైర్లు చూశాం, తొట్టి కింద దూరి తుప్పు ఎక్కడెక్కడ పట్టిందో టార్చిలైటు వేసి చూశాం. జూన్‌లోనే ఫిట్‌నెస్ చేయించి ఉన్నారు. బేరం 2,60,000 దగ్గర తెగింది. 20,000 అడ్వాన్స్ ఇచ్చాను. ఆర్సీ కూడా చేతిలోకి తీసుకుని చూశాను. పేరు చూశాను, నంబరు చూశాను. ఫైనాన్స్ కంపెనీ పేరున్న వరుస చదవలేదు. తర్వాత రెండున్నర నెలలు నేను పడ్డ తిప్పలన్నీ ఆ ఒక్క వరుస వల్లే.

లోన్ కోసం బ్యాంకుకి వెళితే అక్కడి మేడమ్ బండి నంబరు కంప్యూటర్‌లో కొట్టి, స్క్రీన్ నా వైపు తిప్పింది. "ఈ బండి మీద హైపోథికేషన్ ఉందండీ. వేరే ఫైనాన్స్ కంపెనీ పేరుంది. అది పోతే తప్ప మేం ముట్టుకోలేం" అంది.

హైపోథికేషన్ అంటే బండి మన దగ్గరే ఉంటుంది, మనమే తిప్పుకుంటాం, కానీ అప్పు తీరేదాకా దాని మీద అప్పిచ్చినవాళ్లకి హక్కు ఉంటుంది. ఆ సంగతి ఆర్సీలో నమోదవుతుంది. మోటారు వాహనాల చట్టం, 1988లో 51వ సెక్షన్ దీని గురించే. ఆర్సీలో ఫైనాన్షియర్ పేరు ఉన్నంతకాలం, వాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఓనర్ పేరు మార్చడానికి లేదు. అందరూ దాన్ని హెచ్‌పీ అంటారు. 'హెచ్‌పీ తీశారా' అనేది సెకండ్ హ్యాండ్ బండి కొనేవాడు మొదట అడగాల్సిన ప్రశ్న అని నాకు అడ్వాన్స్ ఇచ్చిన తర్వాత తెలిసింది. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టినా తెలిసిపోయేది. రెండు నిమిషాల పని.

ఒళ్లు చల్లబడింది. సాయంత్రానికల్లా మళ్లీ దామలచెరువు వెళ్లాను.

"అప్పా? నాలుగేండ్ల కిందటే కట్టేసినా నాయనా" అన్నాడు పెద్దాయన. అబద్ధం చెప్పే మనిషి కాదు. ఇంట్లోకి పోయి ఇనుప ట్రంకుపెట్టె తెరిచి, పట్టాదారు పాసుపుస్తకం కింద నుంచి పసుపు గుడ్డలో చుట్టిన కట్ట ఒకటి తీశాడు. అందులో 42 రసీదులు, కంతు తప్పకుండా వరసలో, మూలన దారంతో కుట్టి ఉన్నాయి. 2020లో కరోనా వచ్చి రిజర్వ్ బ్యాంకు ఆరు నెలలు మారటోరియం ఇచ్చినప్పుడు ఆగినవి కూడా తర్వాత కట్టి, 2021 జూన్‌కి అప్పు మొత్తం తీర్చేశాడు. రసీదుల కింద రెండు కాగితాలు లామినేషన్ చేసి ఉన్నాయి.

"చెదలు కొడతాయని మావాడు చేయించినాడు" అన్నాడు.

ఒకటి ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన ఎన్‌వోసీ, అంటే అప్పు తీరింది, బండి మీద మాకు ఇక అభ్యంతరం లేదని ఇచ్చే లేఖ. రెండోది ఫారం 35, అంటే ఈ అప్పు తీరిపోయింది, ఆర్సీలో మా పేరు తీసేయండి అని ఫైనాన్షియరూ, ఓనరూ సంతకాలు పెట్టి రవాణా శాఖకి ఇచ్చే కాగితం. ఫైనాన్షియర్ సంతకం, సీలు ఉన్నాయి. ఓనర్ సంతకం పెట్టాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీ మీద ప్లాస్టిక్ పొర మెరుస్తోంది. ఎన్‌వోసీ చివర చిన్న అక్షరాల్లో, ఈ లేఖ జారీ చేసిన తేదీ నుంచి 90 రోజులు మాత్రమే చెల్లుతుందని రాసి ఉంది. తేదీ 2021 ఆగస్టు.

ఆయన్ని ఏమని తప్పుపడతాం? అప్పు తీర్చాడు, కాగితం తీసుకున్నాడు, భద్రంగా దాచుకున్నాడు. ఆ కాగితాన్ని ఆర్టీవో ఆఫీసులో ఇచ్చి పేరు తీయించుకోవాలని ఆయనకి ఎవరూ చెప్పలేదు. మన జిల్లాలో పల్లెల్లో ట్రాక్టర్లు, ఆటోలు, మోటార్ సైకిళ్లు ఇలాగే తీరిన అప్పుల పేర్లు మోసుకుంటూ ఎన్ని తిరుగుతున్నాయో. ఇంట్లో పాత లోన్ బండి ఉన్నవాళ్లు ఇది చదివి ఒక్కసారి ఆర్సీ తీసి చూస్తే నాకు అంతకన్నా సంతోషం లేదు.

2023 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు ఒక ఆదేశం ఇచ్చింది. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా ఒరిజినల్ పత్రాలు తిరిగివ్వాలి, రిజిస్ట్రీల్లో తమ పేరున నమోదైన హక్కు తీసేయించాలి, అప్పిచ్చినవాళ్ల తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 చొప్పున పరిహారం కట్టాలి. చాలామందికి తెలియదు, తెలుసుకోవాల్సిన మాట. కానీ అది 2023 డిసెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పెద్దాయన అప్పు 2021లోనే తీరింది కాబట్టి మాకు ఉపయోగపడలేదు.

ఇక ఫైనాన్స్ కంపెనీ చుట్టూ తిరగడం. చిత్తూరులో లోన్ తీసుకున్న బ్రాంచి మూతపడింది, ఆ గదుల్లో సెల్‌ఫోన్ షాపు నడుస్తోంది. ఇంకో ఊళ్లో ఉన్న బ్రాంచికి వెళితే "క్లోజ్ అయిన అకౌంట్ మా సిస్టమ్‌లో కనపడదు సార్, హెడ్డాఫీసుకి మెయిల్ పెట్టండి" అన్నారు. మెయిల్ పెడితే లోన్ నంబరు అడిగారు. ఎన్‌వోసీలో ఆ నంబరు ఉన్న చోట లామినేషన్ లోపల కాగితం ముడతపడి సగం అంకెలే కనిపిస్తున్నాయి. అప్పుడు ఆదుకున్నవి ఆ దారంతో కుట్టిన రసీదులే. ప్రతి దాని మీదా పూర్తి నంబరు ఉంది. ఆ కట్ట విప్పకుండానే ఒక్కొక్క రసీదూ ఫోటో తీసి పంపాను. విప్పడానికి మనసొప్పలేదు.

వాళ్లు అడిగిన అప్లికేషన్, ఆధార్ కాపీ, సంతకాల కోసం పెద్దాయన మూడుసార్లు బస్సెక్కి తిరుపతి వచ్చాడు. మోకాళ్ల నొప్పితో మెట్లు ఎక్కలేక ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి ఎక్కేవాడు. "నా తప్పుకి నువ్వు తిరగతా ఉండావు నాయనా" అనేవాడు. నాకు ఆ మాట వింటే బాధగా ఉండేది.

ఈ మధ్యలోనే ఇంకొకటి జరిగింది. సెప్టెంబర్ 22 నుంచి సరుకు రవాణా బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్త బండ్ల రేట్లు తగ్గాయి, దాంతో పాత బండ్ల రేట్లూ దిగాయి. బ్రోకర్ ఫోన్ చేసి, "అన్నా, కాగితాల గోల చూపించి 30,000 తగ్గించమని అడుగు, ఇస్తాడు" అన్నాడు. ఇంట్లో నా భార్యని అడిగాను. "ఆ పెద్దాయన మనకోసం మూడుసార్లు వచ్చిపోయినాడు. రేటు పెరిగి ఉంటే ఆయన అడుగుతాడా? మాటంటే మాటే" అంది. నేనూ అడగలేదు.

మెయిల్ పెట్టిన 28 రోజులకి కొరియర్ వచ్చింది. కొత్త ఎన్‌వోసీ, ఫారం 35 రెండు కాపీలు. కవరు చింపిన వెంటనే తేదీ చూసి, 90 రోజులు ఎప్పటికి అయిపోతాయో కాలెండర్‌లో గీత పెట్టాను. మరుసటి రోజే పెద్దాయనతో సంతకాలు పెట్టించి ఆర్టీవో ఆఫీసుకి వెళ్లాను.

కౌంటర్‌లో ఉన్నావిడ ఎన్‌వోసీనీ ఆర్సీనీ పక్కపక్కన పెట్టుకుని, పెన్ను మొనతో ఒక్కో అక్షరం తడుముతూ చదివింది. పన్నెండో అక్షరం దగ్గర ఆగింది.

"ఛాసిస్ నంబర్‌లో ఇక్కడ ఓ అని కొట్టారు. ఆర్సీలో సున్నా ఉంది."

"రెండూ ఒకేలా ఉంటాయి కదా మేడమ్" అన్నాను.

"చూడ్డానికి ఉంటాయి బాబూ. కంప్యూటర్‌కి ఉండవు. అసలు ఛాసిస్ నంబర్‌లో ఓ అనే అక్షరమే రాదు."

ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఛాసిస్ నంబర్ మొత్తం 17 అక్షరాలు, అంకెలు. అందులో ఇంగ్లీషు అక్షరాలు ఐ, ఓ, క్యూ వాడరు, ఒకటీ సున్నాలతో కలిసిపోతాయని. టాటా బండి అయితే మొదట ఎంఏటీ అని మొదలవుతుంది. 17లో ఒక్కటి తేడా వచ్చినా అది ఇంకో బండే. "బండి మీద ఏముందో పెన్సిల్ ప్రింట్ తీసి, వాళ్లకి పంపి, సరిచేసిన కాగితం తెప్పించుకోండి. ఇప్పుడే పట్టుబడింది కాబట్టి సరిపోయింది, రేపు యాక్సిడెంట్ క్లెయిమ్‌లో బయటపడితే ఏడవాలి" అంది. వెనక్కి వచ్చానన్న బాధ ఉన్నా, ఆవిడ మీద గౌరవం కలిగింది.

పెన్సిల్ ప్రింట్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఛాసిస్ నంబర్ కాగితం మీద రాసింది కాదు, ఫ్రేమ్ ఇనుము మీద కొట్టింది. ఎనిమిదేళ్ల మామిడి తోట మట్టి, గ్రీజు, ఆ పైన ఎప్పుడో కొట్టిన నల్ల పెయింటు దాని మీద పేరుకున్నాయి. మా మెకానిక్ బండి పక్కన గోనెసంచి పరిచి పడుకుని, కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో ఆ చోటు అరగంట తుడిచాడు. మొదట ఏమీ లేదు, నున్నటి నలుపు. తర్వాత తుప్పు రంగు, దాని కింద వెండి గీతలాగా ఒక అంకె తేలింది. పల్చటి తెల్ల కాగితం ఆనించి, నేను రెండు చివర్లా వేళ్లతో బిగించి పట్టుకుంటే, వాడు పెన్సిల్‌ని పక్కకి వాల్చి మెల్లగా రుద్దాడు. కాగితం బూడిద రంగులోకి తిరుగుతూ ఉంటే మధ్యలో తెల్లగా అక్షరాలు ఒక్కొక్కటే పైకొచ్చాయి. ఎం. ఏ. టీ. మొదటిసారి కాగితం జారి ఎనిమిది దగ్గర చెదిరింది. రెండోసారి చిరిగింది. మూడోసారి మొత్తం 17 వచ్చాయి. పన్నెండోది సున్నానే. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి రుద్దినట్టే ఉంది. కానీ ఆ కాగితం చేతిలోకి తీసుకున్నప్పుడు, అన్ని కాగితాల్లోకీ బండి తానుగా చెప్పిన మాట ఇదొక్కటే అనిపించింది. నాలుగు కాపీలు తీయించి పెట్టుకున్నాను. తర్వాత అన్నీ పనికొచ్చాయి.

సరిచేసిన ఎన్‌వోసీ ఆరు రోజుల్లో వచ్చింది. దీపావళికి రెండు రోజుల ముందు బండి మీద పాత హెచ్‌పీ పోయింది. నేను ఆ సంగతి ఫోన్ చేసి చెబితే పెద్దాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అంటే ఇన్నాళ్లూ నేను అప్పున్నట్టేనా వాళ్ల లెక్కలో?" అని అడిగాడు. కంపెనీ లెక్కలో కాదు, ప్రభుత్వం లెక్కలో అని చెప్పాను. తేడా ఆయనకి అర్థమైంది, కానీ మింగుడుపడలేదు.

ఇక్కడితో అయిపోయిందనుకుంటే అసలు చిక్కు ఇప్పుడొచ్చింది. బ్యాంకు బండికి 2,40,000 విలువ కట్టి, అందులో 75 శాతం, అంటే 1,80,000 లోన్ శాంక్షన్ చేసింది. కానీ ఆర్సీలో నా పేరూ, వాళ్ల హైపోథికేషనూ పడితే గాని డబ్బు విడుదల చేయమన్నారు. పెద్దాయన కొడుకేమో బెంగళూరు నుంచి ఫోన్ చేసి, పూర్తి డబ్బు రాకుండా నాన్న సంతకం పెట్టడు అన్నాడు. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు అన్న సామెత నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. బ్యాంకుకి భయం, డబ్బిచ్చాక బండి ఇంకొకరి పేరున ఉండిపోతుందని. కొడుక్కి భయం, సంతకం పెట్టాక డబ్బు రాదని.

దీనికి దారి చూపింది మా బావ. ఆయన తిరుపతిలో ఒక లాయర్ దగ్గర గుమాస్తా. రాత్రి భోజనాల దగ్గర విషయం చెబితే, చేయి కడుక్కోకుండానే మొదలుపెట్టాడు.

"ఒరేయ్, అమ్మేవాడికే నీకన్నా ఎక్కువ అవసరంరా పేరు మారడం. 2018లో సుప్రీంకోర్టు తీర్పుంది. బండి అమ్మేశాను, చేతులు మారి పోయింది అన్నా సరే, యాక్సిడెంట్ జరిగిన రోజుకి రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు. నష్టపరిహారం వాళ్ల మెడకే. ఈ మాట ఆ అబ్బాయికి చెప్పు. చట్టంలో 50వ సెక్షన్ చూడు, అమ్మినవాడు 14 రోజుల్లో చెప్పాలి, కొన్నవాడు 30 రోజుల్లో చెప్పాలి. ఊరికే పెట్టారా?"

తర్వాత ఆయనే ఒక అగ్రిమెంట్ రాశాడు. అందులో రెండు విషయాల మీద గట్టిగా పట్టుబట్టాడు. ఒకటి, బండి ఏ తేదీన, ఎన్ని గంటలకి చేతులు మారుతుందో గంటా నిమిషంతో సహా రాయాలి. పొద్దున పదింటికి పడ్డ చలానా ఎవరిది, సాయంత్రం జరిగిన ప్రమాదం ఎవరిది అని రేపు వాదన రాకూడదు. రెండోది, పేరు మారేదాకా బండి రోడ్డెక్కకూడదు. ముహూర్తాలు ముందున్నాయి, మనసు పీకుతూనే ఉంది. అయినా ఆ మాట నిలబెట్టుకున్నాను. ఆ రోజుల్లోనూ బాడుగ బండే తోలించాను.

బ్యాంకులో మేడమ్ కూడా మనసుపెట్టి ఆలోచించింది. నా వాటా డబ్బు ముందుగా పెద్దాయన ఖాతాలో వేసేయాలి. లోన్ డబ్బుకి ఆయన పేరు మీదే డీడీ తీసి బ్యాంకులో ఉంచుతారు, దాని జిరాక్సు కొడుక్కి పంపుతారు. పేరు మార్పు, కొత్త హెచ్‌పీ రెండూ కలిపి అప్లికేషన్ వేసి, ఫీజు కట్టిన రసీదు చూపించిన రోజే డీడీ చేతికి. కొడుకు ఒప్పుకున్నాడు. పెద్దాయన అయితే మొదటి నుంచీ ఒప్పుకునే ఉన్నాడు, కొడుకు మాట కాదనలేక ఆగాడు.

ఏజెంట్ ఒకతను అంతా నేను చూసుకుంటాను, 7,000 ఇవ్వు అన్నాడు. నేనే చేసుకుందామని కూర్చున్నాను. కాగితాలు లెక్కకి ఎక్కువేమీ కాదు. ఫారం 29 రెండు కాపీలు, బండి అమ్మానని పెద్దాయన ఇచ్చే నోటీసు. ఫారం 30, మొదటి భాగంలో ఆయన, రెండో భాగంలో నేను. ఫారం 34, బ్యాంకు హైపోథికేషన్ ఎక్కించమని నేనూ బ్యాంకూ కలిసి పెట్టేది. వీటితో పాటు ఆర్సీ, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, పొల్యూషన్, ఇద్దరి ఆధార్, పాన్, నా అడ్రస్ ప్రూఫ్, ఆ పెన్సిల్ ప్రింట్. 3,000 కిలోల లోపు గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదు కాబట్టి ఆ గొడవ లేదు. పేరు మార్పుకి కేంద్రం ఫీజు 500, హెచ్‌పీ ఎంట్రీకి 1,500. సర్వీసు చార్జీలు కలిపినా ఏజెంట్ అడిగినదానిలో సగం కాలేదు.

ఇంకో అనుమానం కూడా ఉండేది. బండి రిజిస్టరైంది చిత్తూరులో, నంబరు ఏపీ 03. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక, దామలచెరువు ఉన్న పాకాల మండలం తిరుపతి జిల్లాలోకి వచ్చింది. మళ్లీ చిత్తూరు వెళ్లి అక్కడి ఆర్టీవో ఆఫీసు నుంచి ఇంకో ఎన్‌వోసీ తేవాలేమోనని భయపడ్డాను. అక్కర్లేదు. రాష్ట్రం దాటితేనే అది కావాలి. రాష్ట్రంలోపల అయితే కొన్నవాళ్లు ఉండే చోటి ఆఫీసులోనే పని. నంబరు కూడా మారదు. ఈ మాట పెద్దాయనకి చెబితే, "నెంబరు అట్లనే ఉంటాదా?" అని రెండుసార్లు అడిగాడు. తృప్తిగా తల ఊపాడు.

అప్లికేషన్ రోజు ఆయన పొద్దున్నే వచ్చాడు, తెల్ల చొక్కా, కొత్త పంచె. ఆన్‌లైన్‌లో నంబరు, ఛాసిస్ చివరి ఐదు అంకెలు కొట్టాం. ఓటీపీ వెళ్లింది. ఆయన ఫోన్ మోగలేదు. 2017లో ఇచ్చిన నంబరు కొడుకుది. బెంగళూరుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు, మీటింగ్‌లో ఉన్నాడేమో. ఓటీపీ గడువు అయిపోయింది. రెండోసారీ అంతే. పెద్దాయన నా ఫోన్ తీసుకుని కోడలికి చేశాడు. ఆ అమ్మాయి తన భర్త ఆఫీసు నంబరుకి చేసి పట్టుకుంది. మూడోసారి అతను ఒక్కో అంకె చదువుతుంటే పెద్దాయన గట్టిగా పలికాడు, నేను కొట్టాను. ఆరు అంకెలు. టెన్షన్‌తో నా చేతి వేళ్లు చెమటలు పట్టాయి. అమ్మేవాళ్ల ఫోన్ నంబరు ఆర్సీ రికార్డులో ఏది ఉందో ముందే కనుక్కుని, ఆ సిమ్ పనిచేస్తుందో లేదో చూసుకోవాలి.

బండిని ఆఫీసు దగ్గర చూపించాం. ఇన్‌స్పెక్టర్ ఫ్రేమ్ మీద నంబరునీ పెన్సిల్ ప్రింట్‌నీ పోల్చి చూసి సంతకం పెట్టారు. మధ్యాహ్నం బ్యాంకులో పెద్దాయన డీడీ అందుకుని, కళ్లకద్దుకుని, చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. పక్కనే హోటల్లో ఇద్దరం భోంచేశాం. డబ్బులు ఆయనే ఇచ్చాడు, ఎంత చెప్పినా వినలేదు.

పదకొండు రోజులకి, నవంబర్ 7న, మెసేజ్ వచ్చింది. డిజిలాకర్ తెరిచి చూశాను. ఓనర్ దగ్గర నా పేరు, మా నాన్న పేరు. కింద ఫైనాన్షియర్ దగ్గర మా బ్యాంకు. ఈసారి ఆ వరుసే ముందు చదివాను. ఆ తర్వాత 17 అక్షరాలూ పెన్సిల్ ప్రింట్‌తో పోల్చుకున్నాను. రోడ్డు మీద ఫోన్‌లో ఆర్సీ చూపిస్తే చెల్లుతుందని 2018 నుంచే నిబంధన ఉన్నా, ఒక ప్రింట్ తీసి బండిలో పెట్టాను.

ఇన్సూరెన్స్ మిగిలింది. ఇది చాలామంది వదిలేస్తారు. బండితో పాటు పాలసీ కూడా కొన్నవాళ్లకి వచ్చినట్టే చట్టం చూస్తుంది, కానీ 14 రోజుల్లో మనం కంపెనీకి రాసి, పాలసీలో పేరు మార్పించుకోవాలి. పెద్దాయనకి ఉన్న నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, నాకు రాదు, అది మనిషిది, బండిది కాదు. ఆ తేడా కట్టాను. పాలసీలో బ్యాంకు పేరు కూడా ఎక్కించాను. ఇన్సూరెన్స్ ఏజెంట్ నా లైసెన్స్ చూసి, ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాలది) ఒక్కటే ఉంది, ట్రాన్స్‌పోర్ట్ బండికి సరిపోతుందా అని అనుమానపడ్డాడు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, 7,500 కిలోల లోపు రవాణా బండికి ఎల్ఎంవీ లైసెన్స్ చాలని చెప్పిన సంగతి మా బావే మళ్లీ చెప్పాడు.

అలిపిరిలో టెంకాయ కొట్టి, మొదటి లోడు చంద్రగిరికే వేశాను. కార్తీక మాసం పెళ్లి. సామాను చెప్పిన టైముకి గంట ముందే దించాం.

ఆ ఆదివారం దామలచెరువు వెళ్లి పెద్దాయనకి కొత్త ఆర్సీ కాపీ ఒకటి ఇచ్చాను. అందులో ఆయన పేరు లేదని ఆయన దగ్గరా ఆధారం ఉండాలి. కళ్లద్దాలు పెట్టుకుని నిదానంగా చదివి, ట్రంకుపెట్టె తెరిచి, ఆ రసీదుల కట్ట పైన పెట్టాడు. "ఇది లామినేషన్ చేయించొచ్చా?" అని అడిగాడు. ఇది చేయించొచ్చు అన్నాను.

నా కంతు నెలకి 6,065. మొదటిది డిసెంబర్ 5న పోయింది. 36వది 2028 నవంబరులో. ఫోన్‌లో ఆ నెలకి రిమైండర్ పెట్టుకున్నాను. ఎన్‌వోసీ, ఫారం 35 రెండు కాపీలు, ఛాసిస్ నంబర్ సరిచూడాలి, 90 రోజుల్లోపు ఆర్టీవో ఆఫీసు. మా ఆవిడ ఫోన్‌లో కూడా అదే పెట్టాను.